చేవ్రాలు - మనస్సాక్షి

ఇచ్చిన మాటను నిలువబెట్టుకొనుట ధర్మమని సర్వజనులును ఒప్పుకొందురు. కాని మాట యిచ్చినట్లు ఎప్పుడు చెప్పవలెను? నోట పలికినప్పుడా, కాగితముపై వ్రాలు చేసినప్పుడా, లేక మనస్సున సమ్మతించినప్పుడా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. అయినను ఎలక్ట్రానిక్ సంతకము మన యిండ్లలోనికి వచ్చిన పిదప దీనికి సమాధానము చెప్పక తప్పించుకొనుట కష్టమైనది. ఋణపత్రములు, బీమా పత్రములు, ఉద్యోగపు ఒడంబడికలు నేడు కలము పట్టకయే ముగియుచున్నవి. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము ఇట్టి సంతకమునకు చేతివ్రాలుతో సమానమైన గౌరవము నొసగినది.

యంత్రము చేసిన సంతకము సంతకమే కాదని కొందరు పెద్దలందురు. ఆ మాట నిలువదు. విజయనగర ప్రభువుల తామ్రశాసనములను చూడుడు. పెక్కింటిలో శాసనము సంస్కృతమున, నాగరి లిపిలో నుండును. చివరను మాత్రము కన్నడ లిపిలో ‘శ్రీ విరూపాక్ష’ అని యుండును. అది రాజు పేరు కాదు, హంపిలో వెలసిన దైవము పేరు. అయినను ఆ నామమే రాజు చేవ్రాలుగా చెల్లినది. 1858లో వంగదేశమున విలియం హెర్షెల్ అను ఆంగ్లేయోద్యోగి యొక గుత్తదారుచేత ఒప్పందముపై అరచేతి ముద్ర వేయించెను. ఆ మాట తనది కాదని యతడు తరువాత బొంకకుండుటకే ఆ యేర్పాటు. కావున సంతకమనగా అందమైన యక్షరముల వరుస కాదు. ‘దీనికి నేను బాధ్యుడను’ అని నలుగురును గుర్తింపదగిన చిహ్నము. ఆ చిహ్నము కలముతో పుట్టినను, బొటనవ్రేలితో పుట్టినను, గణితముతో పుట్టినను భేదము లేదు.

ఈ గణిత మెట్టిది? 1976లో డిఫీ, హెల్మన్ అను అమెరికా పండితు లిట్టి సంతకము సాధ్యమని సూచించిరి. మరుసటి సంవత్సరము రివెస్ట్, షమీర్, ఆడిల్మన్ అను మువ్వురు దానిని ఆచరణకు తెచ్చు మార్గమును కనుగొనిరి. సంతకము చేయువానికి రెండు తాళపుచెవులుండును: ఒకటి రహస్యము, రెండవది బహిరంగము. పత్రమంతటిని గణించి యొక చిన్న సంఖ్యగా కుదింతురు. పత్రమున నొక్క యక్షరము మారినను ఆ సంఖ్య మారిపోవును. దానిపై రహస్యపు తాళపుచెవితో ముద్ర పడును. బహిరంగపు తాళపుచెవితో ఎవరైనను ఆ ముద్రను పరీక్షింపవచ్చును. ఆధార్ మూలమున జరుగు సంతకమునందు, ఫోనునకు వచ్చిన ఓ.టి.పి. అంకెలను తెలుపగానే ఆ తాళపుచెవి అప్పటికప్పుడు పుట్టి, పని తీరగానే నశించును.

ఈ శాస్త్రము రెండు సంగతులను రుజువు చేయును. పత్రము మారలేదనుట మొదటిది. ఫలాని తాళపుచెవి వాడబడినదనుట రెండవది. దానిని వాడినవారు పత్రమును చదివిరా, తెలిసికొనిరా, మనసార సమ్మతించిరా యను మూడవ సంగతిని ఇది రుజువు చేయజాలదు. ధర్మమంతయు ఆ మూడవ సంగతిలోనే యున్నది.

చేతివ్రాలు మాత్రము దానిని రుజువు చేయునా యని యడుగవచ్చును. చేయదు. కాని పాత పద్ధతిలో వ్రాలునకు తోడుగా కొన్ని యాచారము లుండెను. లేఖరి పత్రమును చదివి వినిపించెడివాడు. సాక్షులు ఎదుట కూర్చుండెడివారు. చదువు రానివారి పత్రములలో, చదివి వినిపింపగా విని సమ్మతించిరను మాట చేర్చెడివారు. అది కొన్నిచోట్ల వట్టి తంతుగా మారిన మాట వాస్తవమే. అయినను ఆగి, ‘ఇందేమున్నది?’ అని యడుగుటకు కొంత వ్యవధి దొరకెడిది. నేడు ఆ వ్యవధి ఆరు అంకెలకు కుదించుకొనిపోయినది.

మనబోటివారి విషయమున నిది మరింత విచారింపదగినది. హోసూరులో తమిళ పత్రములపై, బళ్ళారిలో కన్నడ పత్రములపై, బరంపురమున ఒడియా పత్రములపై, షోలాపురమున మరాఠీ పత్రములపై మన పెద్దలు సంతకములు చేయుచు వచ్చిరి. ఆ భాషలలో బజారున ధారాళముగ మాటలాడువారికిని కచ్చేరి భాష కొరుకుడుపడదు. ఇప్పుడు ఫోను తెరపై కనబడు నిబంధనలు పలుమారులు ఆంగ్లమున నుండును. అమ్మమ్మ ఫోనునకు అంకెలు వచ్చును. ‘అమ్మమ్మా, ఆ నంబరు చెప్పు’ అని మనుమడడుగును. ఆమె చెప్పును, సంతకము ముగియును. సంతకము చేసినదెవరు? పత్రమున నున్నది అమ్మమ్మ పేరు. ఆమె మనస్సు అందున్నదా? మనుమడు దుర్మార్గుడు కానక్కరలేదు. తొందర కలవాడైన చాలును. అట్లే వ్యాపారస్థులు కొందరు తమ రహస్యపు తాళపుచెవి గల చిన్న పరికరమును గుమాస్తా సొరుగున నుంచి మరచిపోవుదురు. దానిని తన యధీనమున నుంచుకొనుటకు తగిన జాగ్రత్త వహింపవలెనని పైచెప్పిన చట్టము 42వ సెక్షనున విధించుచున్నది. తాళపుచెవి నొరుల కిచ్చుట తన నాలుకను వారికిచ్చుట వంటిది.

ఇంతమాత్రమున మరల కలమే పట్టవలెనని మేము చెప్పుట లేదు. తండ్రి యానాములో, కుమారుడు పుణెలో నున్నచో ఒక్క వ్రాలునకై చేయవలసిన ప్రయాణము తప్పినది. నడిమి పుటను మార్చి పెట్టుట, వ్రాలు ననుకరించుట వంటి మోసములు కష్టతరమైనవి. ఇవి నిజమైన మేళ్ళు. వీనిని కాదనుట న్యాయము కాదు.

చట్టమే యొకచోట హద్దు గీచినది. వీలునామాకు ఎలక్ట్రానిక్ సంతకము చెల్లదు. 1925 నాటి భారత వారసత్వ చట్టము ననుసరించి కర్త తానే వ్రాలు గాని గుర్తు గాని చేయవలెను. లేదా ఆయన సమక్షమున, ఆయన యాజ్ఞపై మరియొకరు చేయవలెను. ఇద్దరికి తక్కువ కాకుండ సాక్షులు దానిని ధ్రువపరుపవలెను. మరణించినవాడు తిరిగి వచ్చి ‘నా యభిప్రాయ మిది కాదు’ అని చెప్పలేడు గదా! ఇందుండి మనమొక నీతిని గ్రహింపవచ్చును. తమ పక్షమున తాము వాదించుకొనలేనివారి విషయమున, సంతకము సులభమైనకొలది ప్రక్కనున్నవారి బాధ్యత పెరుగును.

మరియొక సంగతి. పరభాషా పత్రమున తెలుగక్షరములు కనబడు చోటు తరచుగా నొక్కటే యుండెడిది: అడుగున చేసిన వ్రాలు. బడిలో తెలుగు చదువని పిల్లలకు సయితము పేరు వ్రాయుట మాత్రము నేర్పిన కుటుంబములు మనలో కలవు. ఎలక్ట్రానిక్ సంతకమున ఆ వంకరగీతలు పోయి, సాధారణముగ ఆంగ్లాక్షరముల పేరును, తేదీయును, వేళయును నిలుచుచున్నవి. ఇది చిన్న నష్టము కాదు. కాని దీనికై శోకించుటకంటె మేలైన పని యొకటి కలదు. సంతకమునకు ముందు ఆ పత్రమును పెద్దలకు తెలుగులో విప్పి చెప్పుట. సొమ్మెంత, గడువెంత, తప్పినచో పోవునదేమి యను మూడు ముక్కలు ఇంటి భాషలో చెప్పి, పిమ్మటనే అంకెల నడుగుట. వ్రాలులోని తెలుగు పత్రమున కలంకారము. చెవిని పడిన తెలుగు మనిషికి రక్ష.

విన్న పిదప ఆమె ‘వద్దు’ అనవచ్చును. అప్పుడు ఫోను ప్రక్కన పెట్టవలెను. ‘వద్దు’ అనుటకు చోటున్న యింటిలోనే ‘సరే’ యను మాట సంతకమగును.