ప్రసాదం వద్దన్న తల్లి

నిరుడు శ్రీరామనవమికి కాప్రాలో మా వీధి గుడిలో పులిహోర పంచుతున్నారు. ఓ ఆరేళ్ల పాప చెయ్యి చాచింది. వాళ్లమ్మ ఆ చేతిని మెల్లగా వెనక్కి తీసి, "పాపకు వద్దండీ" అంది. వడ్డిస్తున్న పెద్దావిడ మొహం మాడ్చుకుంది. "స్వామివారి ప్రసాదం కాదంటారా అమ్మా? ఒక్క ముద్దకే ఏమవుతుంది?"

ఆ పాపకు పుట్టుకతోనే పీకేయూ అనే జబ్బు ఉంది. మాంసకృత్తుల్లో ఉండే ఫినైల్‌ అలనిన్‌ను మార్చే ఎంజైమ్ ఆ ఒంట్లో సరిగా పనిచేయదు. అది రక్తంలో పేరుకుంటే మెదడుకే ముప్పు. పిల్లలకు బలమని మనం కొసరి పెట్టే పప్పు, పాలు, గుడ్డు ఆ పాపకు పడవు. పులిహోరలో పల్లీలుంటాయి, దద్దోజనంలో పెరుగుంటుంది. గుగ్గిళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. వాళ్ల వంటగట్టు మీద చిన్న తూకం మిషను ఉంటుంది. అన్నం కూడా గ్రాముల లెక్కే. ఆ తల్లి చెంచాతో నాలుగు మెతుకులు తీసి, అంకె చూసి, మళ్లీ రెండు మెతుకులు వేయడం నేను చూశాను. అంత ఏకాగ్రతతో నేనెన్నడూ పూజ చేయలేదు.

ఆమెను కుంగదీస్తున్నది ఆ తూకం కాదు, మాటలు. "ఏ జన్మలో ఏ పాపం చేశారో!" ఆ మాట ఎక్కువగా తల్లికే తగులుతుంది. నిజానికి ఇలాంటి జబ్బు బిడ్డకు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపమున్న జన్యువులూ కలవాలి. ఆ ఇద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు, తమలో అది ఉందనే తెలియదు. ప్రతి కాన్పుకూ 25 శాతం అవకాశం. మేనరికాల్లో ఈ ముప్పు ఇంకాస్త ఎక్కువ. ఇందులో పాపం ఎక్కడుంది? కర్మ సిద్ధాంతం ఎవరి జీవితాన్ని వారు దిద్దుకోవడానికి పుట్టింది. పక్కింటివాళ్ల మీద తీర్పు చెప్పే హక్కు అది మనకివ్వలేదు.

ఈ జబ్బు ఆనవాలు దొరికిందే ఓ తల్లి పట్టుదల వల్ల. నార్వేలో బోర్గ్ని ఎగెలాండ్ తన ఇద్దరు బిడ్డలను వెంటబెట్టుకుని డాక్టర్ల చుట్టూ తిరిగింది. చివరికి 1934లో ఫోలింగ్ అనే వైద్యుడు ఆ పిల్లల మూత్రం పరీక్షించి కారణం పట్టుకున్నాడు. మనకైతే జన్యు పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ ఉప్పల్‌లోనే ఉంది. 2021 అరుదైన వ్యాధుల విధానం కింద నిమ్స్‌ ఆసుపత్రితో కలిపి దాన్ని ప్రత్యేక కేంద్రంగా గుర్తించారు. ఆ విధానంలోకి వచ్చే జబ్బుల చికిత్సకు 50 లక్షల రూపాయల దాకా సాయం అందే వీలుంది. తెలియక ఆగిపోయేవారికి ఈ కబురు చేరవేసినా పుణ్యమే.

ఆ తల్లిని చూస్తే నాకు కీసరగుట్ట కథ గుర్తొస్తుంది. రాముడు శివలింగం తెమ్మని హనుమంతుణ్ని కాశీకి పంపాడని స్థలపురాణం. ముహూర్తం మించిపోతోంది. శివుడే ప్రత్యక్షమై లింగమిచ్చాడు, ప్రతిష్ఠ అయిపోయింది. మోయలేనన్ని లింగాలతో వచ్చిన హనుమంతుడు మనసు విరిగి వాటిని గుట్టంతా విసిరేశాడు. రాముడు "ఆలస్యం చేశావేం?" అనలేదు. ఆయన్ను ఓదార్చాడు, ఆయన తండ్రి కేసరి పేరే ఆ కొండకు పెట్టాడు. చెల్లాచెదురైన ఆ లింగాలకు ఈనాటికీ పూజలందుతున్నాయి. ఇన్నేళ్లూ నేను ఆ కథలో రాముడి భక్తినే చూశాను. మోసి మోసి అలసి వచ్చినవాణ్ని ఆయన ముందుగా ఊరడించాడన్న సంగతి, ఈ తల్లిని చూశాకే తట్టింది.

ప్రసాదం వడ్డించిన ఆ పెద్దావిడకు విషయమంతా చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు తనే వాళ్లింటికి వెళ్లి తూకం చూడటం నేర్చుకుంది. పాపకోసం కొంగున పటికబెల్లం ముడి వేసుకుంటోంది. మొన్న శనివారం పాపను తన దగ్గర ఉంచుకుని, వాళ్ల అమ్మానాన్నలతో "మీరిద్దరూ అలా గుట్టకు వెళ్లిరండి, పాపను నేను చూసుకుంటాను" అంది. పాప పుట్టాక వాళ్లిద్దరూ కలిసి బయటికి వెళ్లడం అదే మొదలట. దర్శనమయ్యాక మండపంలో స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఆయన నిద్రపోయాడు. ఆమె లేపలేదు.