మూరెడు ఎత్తు

ధ్యాన భాగములు: మత్తయి 6:25–34, లూకా 13:10–17, లూకా 19:1–10



ఎంత చింతించినను మనిషి ఎత్తు మూరెడు పెరుగదని ప్రభువు కొండమీద చెప్పిన సంగతి మన పిల్లలకును తెలియును. మన బైబిలులో ‘ఎత్తు’ అని తర్జుమా చేయబడిన గ్రీకు మాటకు ‘ఆయుష్షు’ అను అర్థము కూడ కలదు. ఎత్తయినను ఆయుష్షయినను, అది ఎలాగును జరుగని పని గదా యని మన పెద్దలు నెమ్మదిగా తరువాతి వచనమునకు పోయిరి. ఇప్పుడు అంత సులువుగా పోవుటకు వీలులేదు.

2016 ఏప్రిల్ నెలలో హైదరాబాదులో ఒక యువకుడు తన యెత్తును సుమారు 3 అంగుళములు పెంచుకొనగోరి కాళ్ల యెముకలకు శస్త్రచికిత్స చేయించుకొనెను. అతడు కుంటివాడు కాడు, రోగియు కాడు. మన ఊళ్లలో ఎవరును అతనిని పొట్టివాడని అనరు. తమకు తెలియకుండ ఇది జరిగినదని తల్లిదండ్రులు వాపోగా, కొన్ని దినములు పత్రికలన్నియు ఆ సంగతినే వ్రాసినవి. ఆ యువకునికి తీర్పు తీర్చుట మా పని కాదు. అట్టి కోరిక మన యింటి పిల్లలలోను ఉండవచ్చును గనుక దానిని గూర్చి మాటలాడుచున్నాము.

ముందు ఆ చికిత్స ఎట్టిదో తెలిసికొనుట మంచిది. ఎముకను కోసి, రెండు ముక్కలను లోహపు చట్రముతో బిగించి, రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున వాటిని ఎడము చేయుదురు. ఆ సందులో క్రొత్త యెముక పెరుగును. ఒక్క యెముకలోనే 3 అంగుళములు సాగవలెనన్న రెండున్నర నెలలు పట్టును. అది గట్టిపడుటకు మరి కొన్ని నెలలు. నొప్పి సరే, చీము పట్టు భయమును నరములు దెబ్బతిను భయమును ఉన్నవి. సైబీరియాలోని కుర్గాన్ పట్టణమున గవ్రీల్ ఇలిజారోవ్ అను వైద్యుడు 1950 తరువాతి సంవత్సరములలో ఈ పద్ధతిని వృద్ధిచేసెను. అతుకని విరుగుళ్లతో బాధపడువారిని, ఒక కాలు పొట్టియైనవారిని ఆయన నడిపించెను. చట్రము అదే. ఒకనికి అది నడకనిచ్చినది, మరియొకనికి 3 అంగుళములు. మూరెడనగా 18 అంగుళములు గదా, ఇంత బాధపడినను అందులో ఆరవ వంతే!

మనుష్యుని శరీరమును, బుద్ధిని, ఆయుష్షును ఇప్పుడున్న హద్దు దాటించవలెనను తలంపునకు ట్రాన్స్‌హ్యూమనిజము అని పేరు. ఇంగ్లండు జీవశాస్త్రజ్ఞుడు జూలియన్ హక్స్లీ 1957లో అచ్చయిన తన వ్యాస సంపుటితో ఆ పేరును ప్రచారములోనికి తెచ్చెను. ఆయన విశ్వాసి కాడు. అయినను ఆ పుస్తకమునకు పేరు మాత్రము సువార్తలోని క్రొత్త ద్రాక్షారసము, క్రొత్త తిత్తులనుండి తీసికొనెను! ఆ 1957లోనే విజయవాడలో ప్రకాశం బ్యారేజి పూర్తియైనది. 1855 నాటి పాత ఆనకట్టకు 1952లో గండిపడగా దాని స్థానమున దీనిని కట్టిరి. సముద్రములోనికి పోవు నదిని ఆపి బందరు కాలువకును ఏలూరు కాలువకును మళ్లించినది మనుష్యుని చెయ్యియే. ఆ నీటితో పండిన అన్నము తినుచు, దేవుడు చేసినదానిని మనిషి ముట్టరాదని మనము చెప్పజాలము. తాడిగడప కంటి ఆసుపత్రిలో శుక్లము తీయించుకొని వచ్చి మరల బైబిలు చదువుకొను అవ్వలు మన సంఘములలో ఉన్నారు. పుట్టు చెవుడుగల పసివారికి ఆరోగ్యశ్రీ క్రింద కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చగా వారు మొదటిసారి తల్లి పిలుపు వినిరి. 2024 జనవరిలో అమెరికాలో శరీరము చచ్చుబడిన ఒకని మెదడులో చిన్న యంత్రమును అమర్చగా, అతడు తలంపుతోనే కంప్యూటరును నడుపగలిగెను. వీటన్నిటికై దేవుని స్తుతింతుము.

అయితే లూకా సువార్తలోని ఇద్దరిని ప్రక్కప్రక్కన నిలిపి చూడుడి. ఒకతె 18 ఏండ్లుగా నడుము వంగిపోయిన స్త్రీ. ప్రభువు ఆమెను పిలిచి, చేతులుంచి, నిటారుగా నిలువబెట్టెను. ఆ సాయంకాలము ఎవరైన ఆమెను కొలిచియుంటే మూరెడు పెరిగినట్టే కనబడునేమో! రెండవవాడు జక్కయ్య. పొట్టివాడగుటచేత, జనము అడ్డమై, మేడిచెట్టు ఎక్కెను. అతనిని పొడుగుచేయుట ప్రభువునకు కష్టమా? దానిని గూర్చి అక్కడ ఒక్క మాటయు లేదు. పేరుపెట్టి పిలిచి, దిగిరమ్మనెను. ఆమెను అబ్రాహాము కుమార్తె యనెను. ఇతనిని అబ్రాహాము కుమారుడనెను. ఆమెకు ఉన్నది బంధకము గనుక దానిని విప్పెను. ఇతనికి ఉన్నది కొలత మాత్రమే గనుక దానిని ముట్టలేదు. ఆ యింట మారినది అతని డబ్బు సంచి.

ఈ రెంటికి నడుమ గీత ఎప్పుడును తేటగా నుండునని మేము చెప్పము. ఎదుగుదల హార్మోను లోపించిన బిడ్డకు దానిని సూదిమందుగా ఇచ్చుట వైద్యమే. అయితే 2003లో అమెరికా ఔషధ నియంత్రణ శాఖ, ఆ లోపము లేకపోయినను మిక్కిలి పొట్టిగానున్న పిల్లలకును దానిని ఇవ్వవచ్చునని అనుమతించెను. తోటివారు గేలిచేయగా ఏడ్చుచు ఇంటికి వచ్చిన బిడ్డను చూచిన తండ్రిని మేము గద్దింపజాలము. కాని సూది పడుచున్నది బిడ్డకు. గేలిచేసిన నోళ్లు అట్లే యున్నవి. అందరును 3 అంగుళములు పెరిగినను వరుసలో చివరివాడు చివరివాడే.

2018 నవంబరులో చైనా శాస్త్రజ్ఞుడు హె జియాన్‌కుయ్, పిండదశలోనే జన్యువులను మార్పగా కవల ఆడపిల్లలు పుట్టిరని ప్రకటించెను. ఎయిడ్స్ సోకకుండుటకై చేసితినని చెప్పెను. 2019లో అక్కడి న్యాయస్థానము అతనికి 3 సంవత్సరముల చెరశిక్ష విధించెను. ఎత్తును తెలివియు వేలకొలది జన్యువులతో ముడిపడినవి గనుక కోరినట్లు బిడ్డలను మలచుకొనుట నేడు సాధ్యము కాదు. అయినను కోరిక శాస్త్రముకంటె ముందు నడుచుచున్నది. పైన చెప్పిన హక్స్లీ, మేలైన సంతానమును ఎంచి పెంచవలెనను బ్రిటను యూజెనిక్స్ సంఘమునకు 1959 నుండి 1962 వరకు అధ్యక్షుడు. పుట్టుకతోనే ఎక్కువవారు, పుట్టుకతోనే తక్కువవారు అను మాట కృష్ణా తీరమున మనకు క్రొత్తదా? మనలో అనేకుల తాతలు ఊరి వెలుపలి పేటలలో ఆ కొలబద్ద క్రింద తరతరములు నలిగి, తామును అబ్రాహాము పిల్లలే యని విని గుడి మెట్టెక్కినవారు. ఆ కొలబద్దను రేపు డబ్బిచ్చి కొనుక్కొనువారు వచ్చినయెడల మన పిల్లల స్థానమెక్కడ? కాలువకు నీరు వదలిన దినముననే పొలమునకు అందదని నాగాయలంక, కృత్తివెన్ను వైపు శివారు రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు.

మరణమును దాటిన శరీరమును కోరుట తప్పు కాదు. మన నిరీక్షణయు అదియే. కాని తిరిగి లేచిన ప్రభువు తోమాకు చూపిన చేతులలో మేకుల గురుతులుండెను. ఆ మహిమ శరీరమునుండి ఆయన వాటిని చెరిపివేసికొనలేదు. మచ్చలేని దేహమును అమ్మజూచువారు యోహాను 20వ అధ్యాయమును ఎట్లు చదువుదురో!

సంఘ పెద్దలకును బోధకులకును ఒక మనవి. సంబంధము మాటలాడునప్పుడు అమ్మాయి రంగెట్టిది, అబ్బాయి ఎత్తెంత అని మొట్టమొదట అడుగుచున్నది పరదేశపు శాస్త్రజ్ఞుడు కాదు, గుడి వరండాలో కూర్చున్న మనమే. ఆదివారపు బడిలో పిల్లలను ఎత్తు వరుసన నిలిపి, చివరివానిని ‘పొట్టోడా’ అని పిలుచు అలవాటు కొన్ని చోట్ల కలదు. ఈ ఆదివారమునుండి వానిని వాని పేరుతో పిలువుడి.