వెలుగుతున్న కిటికీల వెనుక



అందమైన బొమ్మ అబద్ధమాడుతుందా? మన ఊళ్ళలో తెల్లవారుజామున పట్టే మంచు వేరు, ఇళ్ళ కప్పుల మీద గడ్డకట్టే మంచు వేరు. అయినా క్రిస్మస్ వచ్చిందంటే పశువుల పాక మీద దూది పరుస్తాము, మంచు పల్లెల బొమ్మలు ఒకరికొకరం పంపుకుంటాము.

అటువంటి బొమ్మల్లో పేరెన్నికగన్నది అమెరికా చిత్రకారుడు నార్మన్ రాక్‌వెల్ గీసినది. 'సాటర్‌డే ఈవినింగ్ పోస్ట్' పత్రికకు 300కు పైగా ముఖచిత్రాలు గీసిన ఆయన, తాను నివసించిన స్టాక్‌బ్రిడ్జ్ ఊరి వీధిని క్రిస్మస్ వేళ చిత్రించారు. 1956లో మొదలుపెట్టిన ఆ బొమ్మ 1967 డిసెంబరులో 'మెకాల్స్' పత్రికలో అచ్చయింది. నేటికీ దాని ప్రతులను పటం కట్టించుకునేవారున్నారు. మంచు కప్పిన కప్పులు, వరుసగా దుకాణాలు, కిటికీల్లో దీపకాంతి. చూస్తే ఆ ఊరిలో దుఃఖమే లేదనిపిస్తుంది.

కాని ఆయన 1953లో ఆ ఊరికి కాపురం మార్చింది భార్య మేరీ మానసిక చికిత్స కోసం. తరువాత తానూ అక్కడే అటువంటి చికిత్స పొందారు. 1959లో మేరీ కన్నుమూశారు. బొమ్మ పూర్తయింది ఆ తరువాతనే.

సౌందర్యానికి నిండుదనం, పొందిక, కాంతి అవసరమని పునీత తోమాసు అక్వినాసు గారు బోధించారు. మరి దుఃఖాన్ని చూపని బొమ్మ నిండైనదేనా? ఆ బొమ్మలో కుడివైపు 'రెడ్ లయన్ ఇన్' అనే పెద్ద హోటలు చీకటిగా ఉంటుంది. ఆ రోజుల్లో చలికాలమంతా దానిని మూసి ఉంచేవారు. చిత్రకారుడు అక్కడ లేని దీపం వెలిగించలేదు. కనుక అబద్ధం బొమ్మలో లేదు, మనం చూసే తీరులో ఉంది. అందరి ఇళ్ళూ వెలుగుతున్నాయి, మా ఇల్లే చీకటి అనుకుంటాము. ఆ సిగ్గుతోనే మన విచారణల్లో ఎన్నో కుటుంబాలు మనోవ్యాధితో ఉన్న బిడ్డను దాచిపెడుతున్నాయి. సంబంధాలు చెడిపోతాయని వైద్యుని వద్దకు తీసుకువెళ్ళరు, పూజకు కూడా తీసుకురారు.

సత్రంలో చోటు దొరకక మరియమ్మ, జోజప్పలు పశువుల పాకకు చేరిన రాత్రినే మనం పండుగగా కొనియాడుతున్నాము. చీకటి ఇల్లు ఆ ప్రభువుకు కొత్త కాదు. ఈ పండుగకు మీ వీధిలో తలుపు మూసుకున్న ఇంటి గడప తొక్కండి. మీ ఇంటిలోనే ఆ బాధ ఉంటే దాచకండి. వైద్యునికి చూపండి, మీ గురువులకు చెప్పండి. ఆ బిడ్డను మీతో పాటు పూజకు తీసుకురండి.