చెయ్యెత్తుటకు ముందు



ఇరువది ఏండ్లు నమ్మకముగా పనిచేసిన మనుష్యుని "రేపటినుండి రావద్దు" అని ఒక్క మాటతో పంపివేయవచ్చునా? ఈ ప్రశ్న మమ్మును చాలాకాలముగా బాధించుచున్నది. మేము ఒక బోర్డింగు కమిటీలో ఉన్నప్పుడు కొట్టులో బియ్యము తగ్గెనని ఒకరు చెప్పిరి. ముసలి కాపలావానిని పిలిచి అడుగకయే తీసివేసితిమి. మేమును చెయ్యెత్తితిమి. పిమ్మట చూడగా తప్పు తూనికలో నుండెను. క్షమాపణ అడుగుదమన్న అతని జాడ దొరకలేదు.

"జీతమిచ్చువానికి ఇష్టము లేనియెడల ఎందుకుంచుకొనవలెను?" అని కొందరందురు. కాని పోయినది జీతము మాత్రమేనా? దొంగయను పేరు పడినవానికి ముసలితనమున మరియొకచోట పని ఎవరిచ్చెదరు?

దేవుడు సమస్తము ఎరిగినవాడైనను, తీర్పునకు ముందు ఆదామును ప్రశ్నించెను (ఆది. 3). ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము రిచర్డ్ బెంట్లీ అను పండితుని మాట వినకయే ఆయన పట్టములను తీసివేసెను. 1723లో ఆ వ్యాజ్యెము విన్న న్యాయమూర్తులలో ఒకరు ఆదాము సంగతినే ఎత్తి చూపిరి. పట్టములు తిరిగి ఇయ్యవలెనని ఆజ్ఞ అయ్యెను.

మన దేశములోను ఇట్టి తీర్పు కలదు. పనికి రాలేదను కారణముతో, విచారణ లేకయే తొలగింపబడిన ఒక కార్మికుని తిరిగి చేర్చుకొని, పోయిన జీతములో సగము ఇయ్యవలెనని 1993లో సుప్రీంకోర్టు చెప్పెను. బ్రదుకుతెరువు జీవించు హక్కులో చేరినదని ఆ తీర్పు సారము.

అట్లని దీర్ఘకాల సేవ తప్పునకు ముసుగు కారాదు. నేరము నిజమైనయెడల తొలగించుట న్యాయమే కావచ్చును. అయితే రుజువు చూపవలసినవాడు తొలగించువాడే. "నీవే నిర్దోషినని చూపుకొనుము" అనుట న్యాయము కాదు. మోపిన తప్పేమో స్పష్టముగా తెలుపవలెను. సాక్షులు అతని యెదుట మాటలాడవలెను. అతని జవాబు వినవలెను. తప్పు రుజువైనను, శిక్ష దానికి తగినదో కాదో ఆలోచింపవలెను. శిక్ష మితిమీరినయెడల తగ్గించు అధికారమును 1971 సవరణ చట్టము కార్మిక న్యాయస్థానములకు ఇచ్చెను. ఇన్నేండ్ల మంచి నడవడియు ఆ త్రాసులో పడవలెను గదా!

మన పొలములలో పాలేరు, ఇండ్లలో పనిమనిషి, గుడిలో గంట కొట్టువాడు కోర్టుకు పోలేరు. వారికి న్యాయము జరుగుట మన చేతిలోనే యున్నది. ఈసారి కమిటీలో ఎవరినైనను తీసివేయుదమను మాట వచ్చినప్పుడు, చెయ్యెత్తుటకు ముందు, "అతనిని పిలిచి అడిగితిమా?" అని ఒకరైనను అడుగుడి. ఆనాడు మేము అడుగలేదు.