గంటేగా!

ఆఫీసు పనిలో భాగంగా, రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు ఇస్తే మధ్య దూరం చెప్పే చిన్న ఫంక్షన్ ఒకటి రాశాను. భూమిని 6371 కిలోమీటర్ల వ్యాసార్థం ఉన్న గోళం అనుకుని లెక్కవేస్తుంది. టెస్ట్ చేయడానికి శంషాబాద్, మధురపూడి ఇచ్చాను. మధురపూడి అంటే మా రాజమండ్రి విమానాశ్రయం. సుమారు 360 కిలోమీటర్లు వచ్చింది. గంటకు 500 కిలోమీటర్లకు అటూ ఇటూగా పోయే ఏటీఆర్ విమానానికి ముప్పావుగంట పని.

టికెట్టు మీద గంటా చిల్లర వేస్తారు. అదేం మోసం కాదు. విమానం ఇక్కడ నిలిచిన చోటు నుంచి కదిలింది మొదలు అక్కడ ఆగేదాకా లెక్క. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా పాకడం, పైకి లేవడం, దిగడం అన్నీ అందులోనే. నా ఫ్లాటు నుంచి శంషాబాద్‌కి పట్టే గంటన్నర, సెక్యూరిటీ దగ్గర వరస, అవతల ఇంటిదాకా ఆటో, ఇవి మాత్రం రావు. అన్నీ కలిపితే ఐదు గంటలు. అయినా ఫోన్లో అమ్మతో ఐదు గంటలని ఎప్పుడూ అనలేదు. "గంటేగా అమ్మా, ఎప్పుడంటే అప్పుడు వచ్చేస్తా" అనేవాణ్ణి. ఎప్పుడైనా వెళ్లొచ్చు కాబట్టి, ఏ శనివారమూ వెళ్లి తీరాల్సిన శనివారం కాలేదు.

చదువుకునే రోజుల్లో సికింద్రాబాద్‌లో రాత్రి గౌతమి ఎక్కేవాణ్ణి. బెజవాడ మీదుగా సుమారు 500 కిలోమీటర్లు. అంత దూరం వెళ్లాక నాలుగు రోజులన్నా ఉండకపోతే టికెట్టు డబ్బులు దండగ.

పీటర్ సింగర్ 1972లో రాసిన వ్యాసంలో, తూర్పు బెంగాల్ ప్రజల ఆకలి గురించి మాట్లాడుతూ, సాయం చేయగలిగినవాడికి దూరం సాకు కాదంటాడు. కళ్లముందు మడుగులో మునిగిపోతున్న పిల్లాణ్ణి బయటికి లాగడం ఎంత బాధ్యతో, ఎక్కడో ఉన్న మనిషిని ఆదుకోవడమూ అంతేనట. మొదటిసారి చదివినప్పుడు తెగ ఒప్పేసుకున్నాను. ఇప్పుడూ కాదనను గానీ, నా చిక్కు అందులో తేలడం లేదు. మా అమ్మ మునిగిపోవడం లేదు కదా. ఆవిడకి కావలసింది కాపాడేవాడు కాదు, పక్కన కాసేపు కూర్చునేవాడు. ప్రమాదమొస్తే వాలిపోగలనన్న ధీమా, ప్రమాదం లేని రోజులన్నిటినీ నాకు మాఫీ చేసేసింది. రైలు రోజుల్లో అయితే ఆ నింద దూరం మీదికి నెట్టేసేవాణ్ణి.

పోయిన శ్రావణంలో అమ్మ పెరట్లో జారిపడింది. మణికట్టు విరిగింది. నాకు తెలిసింది నాలుగో రోజున, అదీ పక్కింటి పిన్నిగారు చెబితే.

"ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను.

"గంటేగారా. మరీ అవసరమైతే వచ్చేస్తావులే అని ఊరుకున్నాను."

ఆ శనివారం పొద్దున్నే వెళ్లాను. పిండికట్టు ఉన్న చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడం చేత్తో కాఫీ అందించింది.

"మళ్లీ ఎన్నింటికిరా?"

"ఆరున్నరకి."

"అయితే నాలుగింటికల్లా బయల్దేరాలి" అంటూ గోడ గడియారం వైపు చూసింది.