శిలాగర్భమందలి జలము

కడప సీమలో పులివెందుల ప్రాంతపు గనులయందు రాతినారతో కూడి దొరకెడు పచ్చని రాయిని, ఖనిజశాస్త్రజ్ఞులు సర్పెంటైన్ అని పిలుచుదానిని, చేతబట్టి చూచినచో సబ్బుబిళ్లవలె నునుపుగా నుండును. తేమ లేశమైనను కానరాదు. దానిని పొడిగొట్టి, ఒక కొన మూసిన సన్నని గాజుగొట్టములో నుంచి, అడుగున తీవ్రమైన మంటను తగిలించినచో, కొంతసేపటికి గొట్టపు పైభాగమున, చల్లని గాజుమీద, పలుచని మసక యొకటి క్రమ్మి, ఆ మసక చిన్నచిన్న బిందువులై, బిందువులు కూడుకొని క్రిందికి జారును. శుద్ధమైన రాయి నూరు గ్రాములకు సుమారు 13 గ్రాముల నీరు ఈ విధముగా వెలువడును. వెలువడుటకు ముందు ఆ నీరు ఎక్కడ నుండెను? అసలు ఉండెననుట న్యాయమేనా?

కార్యము కారణమునందు ముందే యుండి వ్యక్తమగుచున్నదని సాంఖ్యులును, లేనిదే క్రొత్తగా పుట్టుచున్నదని నైయాయికులును శతాబ్దముల తరబడి వాదించిరి. సాంఖ్యుల దృష్టాంతము తిలలయందలి తైలము: ఇసుకను ఎంత గానుగాడినను నూనె రాదు, నువ్వులనుండి వచ్చును, కావున నువ్వులలో ముందే యున్నది. దృష్టాంతము సుందరమే గాని, దానివలన ఆ పక్షమునకు దక్కునది సులభవిజయము. ఏలయన నువ్వులలోని నూనె నూనెగానే యున్నది. సర్పెంటైన్‌లో నట్లు కాదు. అందు బిందువు లేదు సరికదా, నీటి అణువొక్కటియు లేదు. ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ జతగూడిన హైడ్రాక్సిల్ మాత్రము మెగ్నీషియముతో ముడివడి రాతిపొరలలో బంధింపబడి యుండును. వేడి 600 డిగ్రీల ప్రాంతమునకు చేరినపుడు అట్టి రెండు జతలు కలసి, ఒక ఆక్సిజన్ రాతికే మిగిలిపోగా, తక్కినవి నీరై లేచిపోవును. ఇచట నైయాయికుని వాదమే గెలిచినట్లు తోచును.

పులివెందుల రాయి సున్నపురాతిని పోలిన డోలమైటులో పుట్టినది గాని, ఈ జాతి శిలకు మహాక్షేత్రము సముద్రగర్భము. అచట పగుళ్లగుండ దిగిన ఉప్పునీరు, లోతులనుండి పైకి తేలివచ్చిన ఆలివిన్ శిలను తాకి, దానిని సర్పెంటైన్‌గా మార్చును. మార్పులో వేడి పుట్టును, హైడ్రోజన్ వెలువడును, రాయి ఉబ్బి, ఘనసెంటీమీటరుకు 3.3 గ్రాముల సాంద్రత 2.6 ప్రాంతమునకు దిగును. అట్లాంటిక్ నడుమ 2000 సంవత్సరమున కనుగొనబడి లాస్ట్ సిటీ యని పేరొందిన చోట, ఈ చర్యవలన వెలువడు క్షారజలములు 60 మీటర్ల యెత్తు తెల్లని గోపురములను నిర్మించినవి. వానినాశ్రయించి, సూర్యరశ్మి నెరుగని సూక్ష్మజీవులు బ్రతుకుచున్నవి.

సముద్రపు అడుగు స్థిరము కాదు. అండమానులకు పడమట భారతఫలకము బర్మా ఫలకము క్రిందికి మెల్లమెల్లగా దిగుచు, తన శిలలయందు బంధించుకొన్న జలాంశమును వెంట గొనిపోవుచున్నది. ఒత్తిడియు వేడిమియు హెచ్చినకొలది ఒక్కొక్క ఖనిజము తన హద్దు దాటగానే తన నీటిని విడుచును. కొంత కొద్దిలోతుననే పోగా, సుమారు 100 కిలోమీటర్ల లోతున విడువబడినది పైనున్న తప్తశిలలోనికి చొరబడి, దాని ద్రవీభవనాంకమును కొన్ని వందల డిగ్రీలు తగ్గించును. పొడిగా నున్నంతకాలము ఆ వేడికి కరగని శిల నీరు సోకగానే కరగును. ఒకటిన్నర శతాబ్దికి పైగా మౌనము వహించి 1991లో మరల లావాను గ్రక్కిన, అండమాను సముద్రమందలి బారెన్ ద్వీపపు అగ్నిపర్వతము ఈ జలము పనియే. సముద్రమున బడబాగ్ని కలదన్న పౌరాణికులు దీనిని ఎరిగియుండిరని నేననను. అట్టి మాట పురాణమునకును శాస్త్రమునకును గూడ అగౌరవము. నీరును నిప్పును ఒకే గర్భమున ఇముడగలవని భావించుటకు వారు సంకోచింపలేదు. అదియే నాకు పూజ్యము.

ఇక వివాదము. నైయాయికుడు చెప్పదగిన గట్టి మాట ఇది: సముద్రమునుండి దిగిన బిందువు రాతిలో నశించినది, అది ధ్వంసాభావము, అగ్నిపర్వతపు ఆవిరియందు పుట్టిన బిందువు రాతిలో నింకను పుట్టలేదు, అది ప్రాగభావము, రెండును వేర్వేరు బిందువులు. శాస్త్రమును ఇందుకు తోడ్పడును, ఏలయన రాతితోడి సాంగత్యమున నీటిలోని ఆక్సిజన్ రాతిలోని ఆక్సిజన్‌తో మార్పిడి యగును. వెళ్లినదే తిరిగి రాదు. మరల పుట్టువాడు అతడేనా అన్యుడా యని యవనరాజు మిళిందుడడిగినపుడు, అతడును కాదు అన్యుడును కాదన్న బౌద్ధభిక్షువు నాగసేనుని సమాధానమును ఒకప్పుడు నేను మాటచాతుర్యమని తలచువాడను. ఈ రాతిని గూర్చి చదివినపిదప అట్లు తలపజాలకున్నాను. పితరులకు తర్పణము విడుచునపుడు మన మనస్సు నడుగునదియు ఈ ప్రశ్ననే గదా.

అయినను నేను సాంఖ్యుని వైపే మొగ్గుదును. రెండు అభావములు మాత్రమే అచట నున్నచో, రాయిని తేలికపరచినదేది? ఉబ్బించి మెత్తబరచినదేది? అవ్యక్తమనగా నిద్రయని సామాన్యముగా తలంతుము. ఇచట అవ్యక్తము బిందువు కాకమునుపే పని చేయుచున్నది. వేడిమి, ఒత్తిడి వంటి సహకారికారణములు లేనిదే అది వ్యక్తము కాదని మాత్రము నైయాయికుని యెదుట నేను ఒప్పుకొనక తప్పదు. ఇట్టి అవ్యక్తజలమునకు మరియొక నిదర్శనము కలదు. బ్రెజిల్ దేశమున జుయీనా ప్రాంతపు వజ్రమొకదానిలో చిక్కిన రింగ్‌వుడైట్ రేణువునందు సుమారు ఒకటిన్నర శాతము జలాంశమున్నదని 2014లో ప్రకటింపబడినపుడు, భూగర్భమున మహాసముద్రము దొరకినదని పత్రికలు వ్రాసినవి. సముద్రము దొరకలేదు, సముద్రము కాగలిగినది దొరకినది. సుమారు 520 మొదలు 660 కిలోమీటర్ల లోతువరకు నిలువగల ఆ ఖనిజము, అడుగు హద్దు దాటి దిగినచో విచ్ఛిన్నమై తన జలాంశమును విడువగలదని ప్రయోగములు చూపుచున్నవి.