రెండు ‘కూడదు’లు: గోల్ఫ్ ఆటలో నియమం, ఉపదేశం, సడలింపు

తెలుగులో ‘కూడదు’ అన్న ఒక్క మాట రెండు వేర్వేరు నిషేధాలను మోస్తుంది. ‘అబద్ధం ఆడకూడదు’ అంటాం. ‘తడిచేత్తో ఊరగాయ జాడీ ముట్టకూడదు’ అని కూడా అంటాం. మొదటిదాన్ని మీరినవాడు తప్పు చేసినవాడు. రెండోదాన్ని మీరినవాడు పచ్చడి పాడుచేసుకున్నవాడు. వ్యాకరణం ఈ రెంటికీ భేదం చూపదు. ప్రకరణాన్ని బట్టి మనమే గ్రహించాలి. గ్రహించని చోట నీతి చర్చ తారుమారవుతుంది. అమెచ్యూర్ గోల్ఫ్ ఆటగాళ్ల మధ్య నియమాల గురించి, స్వింగ్ గురించి జరిగే వాదాలు ఈ తారుమారుకు చక్కని ఉదాహరణలు. వాటిని ఆధారం చేసుకొని రెండు ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. నియమానికీ ఉపదేశానికీ భేదం ఎక్కడ ఉంది? నియమాన్ని సడలించే హక్కు ఎవరిది?

గోల్ఫ్ మైదానంలో వినిపించే రెండు వాక్యాలను తీసుకుందాం. ‘కొట్టేటప్పుడు తల ఎత్తకూడదు.’ ‘ఆగిన బంతిని చేత్తో జరపకూడదు.’ మొదటిది స్వింగ్ పాఠం. తల ఎత్తినవాడికి శిక్ష లేదు. దెబ్బ సరిగా తగలకపోతే అదే ఫలితం. రెండోది ఆట నియమం. దాన్ని మీరితే, నియమం అనుమతించిన సందర్భాలలో తప్ప, స్ట్రోకు శిక్ష పడుతుంది. స్వింగ్ ఆకృతి విషయంలో నియమావళి చాలావరకు మౌనం వహిస్తుంది. బంతిని క్లబ్ తలతో న్యాయంగా కొట్టాలి, నెట్టరాదు, గీకరాదు, తోడరాదు. 2016 నుంచి క్లబ్‌ను శరీరానికి ఆనించి కొట్టరాదు. ఈ కొద్ది హద్దుల లోపల ఎవరి స్వింగ్ వారిది.

మీమాంసకులు ఈ భేదాన్ని ఏనాడో గుర్తించారు. జైమిని సూత్రాల నాలుగో అధ్యాయం క్రత్వర్థ, పురుషార్థ విచారానికి ప్రసిద్ధం. క్రతువు నిర్వహణకు అంగమైన విధి క్రత్వర్థం. కర్త ప్రయోజనాన్ని ఉద్దేశించినది పురుషార్థం. క్రత్వర్థాన్ని మీరితే క్రతువుకే వైకల్యం కలుగుతుంది. పురుషార్థాన్ని మీరితే లోటు కర్తది, క్రతువు చెడదు. ఈ పరిభాషను ఆటకు అన్వయిస్తే, బంతి నియమం క్రత్వర్థం, స్వింగ్ పాఠం పురుషార్థం. తల ఎత్తి ఆడినవాడు గోల్ఫ్‌ను చెడ్డగా ఆడాడు. బంతిని జరిపి, లెక్కలో చూపక ఆడినవాడు గోల్ఫ్ ఆడనేలేదు. జాన్ సెర్ల్ 1969లో ఆటల ఉదాహరణలతోనే వివరించిన నిర్మాణక నియమాల భావన ఈ రెండో వాక్యానికి దగ్గరగా వస్తుంది.

అమెచ్యూర్ల వాదాలలో ఈ రెండూ స్థానం మార్చుకుంటాయి. స్వింగ్ పాఠాన్ని నియమపు గొంతుతో చెబుతారు: ‘ఎడమ మోచెయ్యి వంచకూడదు, అంతే.’ నియమాన్ని ఉపదేశపు గొంతుతో జారవిడుస్తారు: ‘కొంచెం పక్కకు జరుపుకో, ఏం కాదు.’ స్వేచ్ఛ ఉన్న చోట కాఠిన్యం, కాఠిన్యం ఉండవలసిన చోట స్వేచ్ఛ. ఇది కేవలం అజ్ఞానం వల్ల జరుగుతున్నదనలేం. ఉపదేశం చెప్పేవాడికి గౌరవం తెస్తుంది. నియమం చెప్పేవాడికి అప్రియత్వం తెస్తుంది. మనిషి సహజంగానే మొదటిదాని వైపు మొగ్గుతాడు.

నియమావళి మాత్రం దీనికి సరిగ్గా వ్యతిరేక దిశలో నడుస్తుంది. పోటీ జరుగుతున్నప్పుడు ఏ క్లబ్ ఎంచుకోవాలో, ఎలా కొట్టాలో ప్రత్యర్థికి చెప్పడం, అతణ్ని అడగడం నిషిద్ధం. స్ట్రోక్ ప్లేలో దానికి రెండు స్ట్రోకుల శిక్ష. తన క్యాడీ, తన జట్టులోని భాగస్వామి మాత్రమే ఇందుకు మినహాయింపు. నియమాలను గురించిన సమాచారం మాత్రం ఈ నిషేధం కిందికి రాదు. దాన్ని ఎవరైనా ఎవరికైనా చెప్పవచ్చు. అంటే నియమం ఉమ్మడి సొత్తు, నైపుణ్యం ఎవరిది వారిది.

నైపుణ్యం సొంతమే అయినా దాన్ని బోధించడం వేరొక విద్య. ‘మాళవికాగ్నిమిత్రం’లో గణదాసు, హరదత్తుడు అనే ఇద్దరు నాట్యాచార్యులు తమలో ఎవరు గొప్ప అని వాదులాడుకుంటారు. కొందరికి విద్య తమలోనే శోభిస్తుంది, మరికొందరికి దాన్ని శిష్యులలోకి ప్రవేశపెట్టే నేర్పు ఉంటుంది, రెండూ ఉన్నవాడే ఆచార్యులలో అగ్రగణ్యుడు అన్న విచారం అక్కడ వస్తుంది. అందుకే పరీక్ష గురువులకు కాక శిష్యుల ప్రదర్శనకు జరుగుతుంది. ఈ కొలతతో చూస్తే, అడగకుండా స్వింగ్ పాఠం చెప్పే అమెచ్యూర్‌కు రెండు అర్హతలూ సందేహాస్పదమే. బల్కంపేటను ఆనుకొని ఉన్న అమీర్‌పేట శిక్షణ కేంద్రాలలో విద్యార్థి తనకు కావలసిన పాఠాన్ని ఎంచుకుంటాడు, రుసుము చెల్లిస్తాడు, నచ్చకపోతే మరో కేంద్రానికి పోతాడు. అక్కడ బోధనకు అంగీకారం పునాది. మైదానంలో వచ్చిపడే ఉపదేశానికి ఆ పునాది లేదు. స్వింగ్ గురించి మౌనం పాటించడం ఎదుటివాడి స్వాతంత్ర్యాన్ని గౌరవించడమే.

అయితే నియమం గురించి మౌనం కూడా అటువంటి గౌరవమేనా? చాలా రౌండ్లలో ప్రతి స్ట్రోకునూ చూసే న్యాయనిర్ణేత ఉండడు. తన తప్పును తానే గుర్తించి, శిక్షను తానే వేసుకోవాలని నియమావళి ఆశిస్తుంది. 1925 యు.ఎస్. ఓపెన్‌లో అమెచ్యూర్ బాబీ జోన్స్ తన బంతి కదిలిందని తానే చెప్పి ఒక స్ట్రోకు శిక్ష వేసుకున్నాడు. ఆ స్ట్రోకు లేకుంటే గెలుపు ఆయనదే. దాని వల్ల స్కోరు సమానమై, 36 హోల్స్ ప్లేఆఫ్‌లో విల్లీ మాక్‌ఫర్లేన్ చేతిలో ఓడిపోయాడు. ఇందుకు లభించిన ప్రశంసను ఆయన అంగీకరించలేదని ప్రసిద్ధి. ఆ నిరాకరణ వినయం మాత్రమే కాదు. కర్తవ్యాన్ని దానంగా పొగిడితే, చేయనివాడు లోభి మాత్రమే అవుతాడు, దోషి కాడు. 2017లో ఒక టెలివిజన్ ప్రేక్షకుడి ఫిర్యాదు వల్ల లెక్సీ థాంప్సన్‌కు నాలుగు స్ట్రోకుల శిక్ష పడింది. ఆ ఏడాది చివర గోల్ఫ్ పాలక సంస్థలు ప్రేక్షకుల ఫిర్యాదులను ఇకపై స్వీకరించబోమని ప్రకటించాయి. సాక్షిని ఆట బయట వెతకకూడదన్న సూత్రానికే అవి తిరిగి వచ్చాయనవచ్చు.

ఇక సడలింపు. మిత్రులు ఆడేటప్పుడు గుంటకు చేరువైన బంతిని ‘అయినట్టే’ అని వదిలేయడం, మొదటి దెబ్బ చెడితే లెక్కించకుండా మరొకటి కొట్టనివ్వడం పరిపాటి. ‘మన మధ్య ఆటే కదా’ అన్నది ఇక్కడి సమర్థన. దీనిని తేలికగా కొట్టివేయరాదు. వినోదం కోసం ఆడే ఆటలో కాఠిన్యం స్నేహాన్ని నొప్పిస్తే, ఆ కాఠిన్యం దేనికి అని అడగడం న్యాయమే. నియమావళి ఈ ప్రశ్నకు ఇచ్చే సమాధానం సూక్ష్మమైనది. ఇద్దరే పోటీపడే మ్యాచ్ ప్లేలో ప్రత్యర్థి బంతిని వదిలేయవచ్చు; అతడి తప్పును చూసీచూడనట్టు ఊరుకోవచ్చు కూడా. నష్టపోయేది తాను ఒక్కడే కాబట్టి క్షమించే హక్కు తనది. కాని ఒక నియమాన్ని పాటించవద్దని ఇద్దరూ తెలిసి ఒప్పందం చేసుకుంటే ఇద్దరూ అనర్హులవుతారు. అనేకులు పోటీపడే స్ట్రోక్ ప్లేలో ప్రతి బంతీ గుంటలో పడవలసిందే. తోటివాడి తప్పు తెలిస్తే చెప్పాలని కూడా నియమావళి ఆశిస్తుంది. ఆ తప్పు వల్ల నష్టపోయేవారు మైదానం అంతటా ఉన్నారు. వారి తరఫున క్షమించే అధికారం నాకు లేదు. కనుక క్షమ గుణమే అయినా, నష్టపోయినవాడు చూపినప్పుడే అది గుణం. ఇతరుల నష్టం మీద చూపిన ఔదార్యం పక్షపాతానికి మర్యాదపేరు.

భారతంలోని గదాయుద్ధం ఈ విచారానికి గీటురాయి. భీమ దుర్యోధనులు ఇద్దరూ బలరాముడి శిష్యులు. భీముడిది బలం, దుర్యోధనుడిది అభ్యాసం. 13 ఏళ్లు ఇనుప బొమ్మ మీద సాధన చేశాడని వ్యాసభారతం చెబుతుంది. నియమబద్ధంగా పోరితే భీముడు గెలవడని కృష్ణుడు అర్జునుడితో అంటాడు. అర్జునుడు తన తొడ చరిచి భీముడికి సైగ చేస్తాడు. ఇక్కడ రెండు అతిక్రమాలు ఒక్కటైపోయాయి. నాభికి దిగువ కొట్టడం క్రత్వర్థ భంగం. పోరు మధ్యలో బయటివాడి సైగ నిషిద్ధోపదేశం. ఇద్దరికీ విద్య నేర్పిన గురువే నాగలి ఎత్తి భీముడి మీదికి వస్తాడు. ఆయన ఎవరి గద తిప్పే తీరునూ విమర్శించలేదు, గదాధర్మం చెడిందన్నాడు. ఉపదేశం ముగిసిన చోట నియమం కోసం నిలబడడం ఆచార్యుడి ధర్మమని ఆయన కోపం సూచిస్తుంది. కృష్ణుడు భీముడి ప్రతిజ్ఞను, మైత్రేయుడి శాపాన్ని గుర్తుచేసి ఆయనను వారించబోతాడు. కాని ప్రతిజ్ఞ ఎంత బహిరంగంగా చేసినదైనా ఒక పక్షం చేసినది, నియమం ఇరుపక్షాలది. బలరాముడు తృప్తి చెందకుండానే వెళ్లిపోవడంలో ఈ చిక్కు విప్పబడక మిగిలింది.

అయితే న్యాయమైన సడలింపు అసలే లేదా? ఉన్నది, దాని లక్షణాలు మన వీధి ఆటలకు బాగా తెలుసు. తెలంగాణలో చిర్రగోనె అనే ఆట కూడా కర్రతో చిన్నదాన్ని దూరంగా కొట్టేదే. అక్కడ కొలతలు, మినహాయింపులు ఆట మొదలుకాకముందే అందరి ఎదుట చెప్పుకుంటారు. మరీ చిన్నపిల్లవాణ్ని ‘ఆటలో అరటిపండు’గా చేర్చుకుంటారు. వాడు అవుట్ కాడు, వాడి ఆట లెక్కకూ రాదు. ఇందులో దయ ఉంది, దాపరికం లేదు. గోల్ఫ్‌లోని హ్యాండిక్యాప్ ఈ జాతిదే: బలహీనుడికి ఇచ్చే ఆసరాను అంకెగా ముందే ప్రకటిస్తుంది. 2020లో మొదలైన ప్రపంచ హ్యాండిక్యాప్ విధానం, పూర్తిచేయకుండా వదిలిన గుంటకు కూడా ఎంత స్కోరు వేసుకోవాలో పద్ధతి చెప్పింది. ముందుగా చెప్పడం, అందరికీ చెప్పడం, లెక్కలో చూపడం అన్న మూడు షరతులూ ఉన్న సడలింపు నియమంలో భాగమే. బాలవ్యాకరణంలో ‘బహుళం’ వ్యాకరణానికి వెలుపలిది కానట్టే ఇదీ.

ఈ సూత్రం ఆట హద్దుల దగ్గర ఆగదు. హైదరాబాదులో గోల్ఫ్ ఆడే చోట్లలో ఒకటి గోల్కొండ నయా ఖిల్లా. చారిత్రక కోట ఆవరణలో గోల్ఫ్ మైదానం ఉండడం గురించి వారసత్వ పరిరక్షకులు అభ్యంతరాలు చెబుతూ వచ్చారు. ఆ వివాదంలో తీర్పు చెప్పడం ఈ వ్యాసం పని కాదు. కాని అక్కడ ఉన్న ప్రశ్న కూడా ఇదే: ఉమ్మడిదైన దాని మీద కొందరు తమలో తాము చేసుకున్న ఒప్పందం, సంప్రదించబడని వారిని ఎంతవరకు కట్టిపడవేస్తుంది? ఆటగాళ్ల అంగీకారం ఆటగాళ్ల మధ్య చాలుతుంది. నగరం మొత్తం తరఫున అది చాలదు.

‘కూడదు’ వినబడినప్పుడు, మీరితే చెడేది కర్త ప్రయోజనమా లేక అందరూ కలిసి నిలబెట్టుకున్న పనా అని మొదట అడగాలి. మొదటిదైతే అడిగినప్పుడే చెప్పాలి. రెండోదైతే అడగకపోయినా చెప్పాలి. వదిలేయాలనుకుంటే, ఆ నష్టం తనది మాత్రమేనని తేల్చుకొని వదిలేయాలి. తెలుగు నీతి వాఙ్మయంలోని నిషేధ వాక్యాలను, శతకాలలోని ‘వలదు’, ‘తగదు’, ‘రాదు’ వంటి ప్రయోగాలతో సహా, ఈ వివేకంతో వర్గీకరించి చూస్తే, మనం నీతులని ఒక్క పేరుతో పిలుస్తున్న వాటిలో ఎన్ని లోకజ్ఞత పాఠాలో, ఎన్ని నిజంగా ధర్మాలో తేలుతుంది.